వ్యంగ్యమును చదువుట

అలంకారశాస్త్రమున వ్యంగ్యమను మాటకు గల అర్థము వేరు. నేడు వార్తాపత్రికలు చదువువారు ఆ మాటను వాడు అర్థము వేరు. ఆనందవర్ధనుడు మొదలగు ఆచార్యుల మతమున, పైకి పలికిన మాటకు వెనుక స్ఫురించు అర్థమంతయు వ్యంగ్యమే. అది శృంగారము కావచ్చును, శోకము కావచ్చును, భక్తియు కావచ్చును. నేటి వాడుకలో ఆ మాట ఎత్తిపొడుపునకు, వెక్కిరింతకు మాత్రమే నిలిచిపోయినది. పండితులు దీనిని అర్థసంకోచమని చెప్పుదురు. కాని ఈ సంకోచములో ఒక సత్యము కలదు. ఎత్తిపొడుపునకు ప్రాణము చెప్పిన మాటలో లేదు. చెప్పక విడిచిన మాటలో ఉన్నది. కాబట్టి పత్రికలలోని అధిక్షేపమును విద్యార్థికి బోధించుట యనగా అచ్చు కాని దానిని చదువుట నేర్పుట. ఈ పనిని మన దేశమున ఒక ప్రభుత్వసంస్థ పూనికతో ఆరంభించెను. ఆరేండ్లకు అది భంగపడెను. ఆ వృత్తాంతమును పరిశీలించి, బోధకులకును పాఠకులకును దానినుండి లభించు పాఠమేమో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1961లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలిని మనము ఎన్.సి.ఇ.ఆర్.టి. అను పేరుతో ఎరుగుదుము. 2005లో ఆ సంస్థ యశ్‌పాల్ అధ్యక్షుడుగా గల సంఘముచేత ఒక నూతన పాఠ్యప్రణాళికా చట్రమును సిద్ధము చేయించెను. కంఠస్థము చేయుట తగ్గవలెననియు, బాలబాలికలు ప్రశ్నించుచు జ్ఞానమును తామే నిర్మించుకొనవలెననియు ఆ చట్రముయొక్క ఆశయము. దాని ననుసరించి 2006లో పదునొకండవ తరగతికి భారత రాజ్యాంగముయొక్క పనితీరును వివరించు రాజనీతిశాస్త్ర గ్రంథము వెలువడెను. రాజనీతిశాస్త్ర గ్రంథములకు ముఖ్య సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ అను ఇరువురు విద్వాంసులు. ఈ గ్రంథములలో అంతకుముందు మన పాఠ్యపుస్తకములలో కనబడని వింత యొకటి ఉండెను. శంకర్, ఆర్.కె. లక్ష్మణ్, కుట్టి మొదలగువారు వివిధ సందర్భములలో పత్రికలకు గీసిన వ్యంగ్యచిత్రములు పాఠముల నడుమ అచ్చయ్యెను. ఉన్ని, మున్ని అను ఇరువురు కల్పితబాలలు పుట అంచున నిలిచి కొంటె ప్రశ్నలు వేయుచుండిరి. చిత్రము పాఠమునకు అలంకారము కాదు. చిత్రమే పాఠములో భాగము. ప్రతి చిత్రము క్రిందను విద్యార్థిని ఆలోచింపజేయు ప్రశ్న యొకటి ఉండెను.

ఇట్టి సంకల్పమునకు ఢిల్లీ తగిన స్థలమే. కేరళలోని కాయంకుళమున 1902లో జన్మించిన శంకర్ పిళ్లై 1932 మొదలు 1946 వఱకు ఢిల్లీలో హిందూస్థాన్ టైమ్స్ పత్రికకు చిత్రములు గీసి, 1948లో శంకర్స్ వీక్లీ అను వారపత్రికను స్థాపించెను. దానిని ప్రారంభించినవాడు ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూయే. తనను విడిచిపెట్టవలదని నెహ్రూ శంకర్‌ను కోరినట్లు ప్రసిద్ధి. శంకర్ ఆ కోరికను అక్షరాల మన్నించెను. ఓ.వి. విజయన్ వంటివారికి ఆ పత్రికాకార్యాలయము శిక్షణాలయమయ్యెను. 1975 ఆగస్టులో, అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన రెండు నెలలకు, ఆ పత్రిక నిలిచిపోయెను. నియంతృత్వములు నవ్వును భరింపజాలవను భావమును శంకర్ తన వీడ్కోలు వ్యాసమున వ్యక్తపఱచెను. స్వతంత్రభారతము తన పాలకులను చూచి నవ్వుట నేర్చుకొన్న బడులలో అది యొకటి.

వివాదమునకు హేతువైన చిత్రము శంకర్ 1949 ఆగస్టులో గీసినది. రాజ్యాంగము ఒక నత్తగా చిత్రింపబడినది. దానిపై డాక్టరు అంబేద్కరు ఆసీనుడై, చేత కొరడా పట్టి దానిని తోలుచున్నాడు. వెనుక నెహ్రూ నిలిచి తానును కొరడా ఝళిపించుచున్నాడు. చుట్టును జనసమూహము చూచుచున్నది. గ్రంథకర్తలు దీనిని రాజ్యాంగ రచనను గూర్చిన పాఠమున చేర్చి, రచనకు మూడేండ్లు పట్టిన సంగతిని చిత్రకారుడు సూచించుచున్నాడా యని, అంతకాలము ఏల పట్టెనని విద్యార్థిని అడిగిరి. ఆ పాఠమంతయు ఒక విధముగా ఈ చిత్రమునకు ప్రత్యుత్తరమే. సభ్యులు ఒక్కొక్క నిబంధనను ఎట్లు తర్కించిరో, అంగీకారమునకై ఎట్లు శ్రమించిరో అందు వివరింపబడినది. సార్వజనిక వయోజన ఓటుహక్కు మాత్రమే దాదాపు చర్చ లేకుండ ఆమోదము పొందెనని కూడ చెప్పబడినది. మొదట నత్తను చూచి నవ్విన బాలుడు పాఠము చివరకు వచ్చుసరికి, నత్తనడక కొన్ని పనులకు గుణమే యని గ్రహింపవలెను. ఇది వారి ఉద్దేశము. ఉద్దేశము ఉత్తమమైనదే.

ఆరేండ్లపాటు ఆ పుస్తకము తరగతులలో చదువబడెను. 2012 మే నెలలో ఈ చిత్రము అంబేద్కరును అవమానించుచున్నదని లోక్‌సభలో తిరుమావళవన్ మొదలగు సభ్యులు ఆక్షేపణ తెలిపిరి. నెహ్రూ కొరడా నత్తపై కాదు, అంబేద్కరుపైననే లేచినదని వారి భావన. మే 11న నాటి విద్యామంత్రి కపిల్ సిబల్ చిత్రమును తొలగింతుమని సభకు మాట యిచ్చెను. ఆనాడే యాదవ్, పల్శీకర్ సలహాదారుల పదవులకు రాజీనామా చేసిరి. మరునాడు పూనా విశ్వవిద్యాలయములో పల్శీకర్ కార్యాలయముపై కొందరు దాడిచేసి దానిని ధ్వంసము చేసిరి. మే 14న లోక్‌సభలో చర్చ అంబేద్కరు చిత్రమును దాటి, రాజకీయ నాయకులను చులకన చేయు సమస్త చిత్రములవైపు మరలెను. ఆ పైని సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము పుస్తకములను పరిశీలించి పెక్కు చిత్రముల తొలగింపునకు సిఫారసు చేసెను. సభ్యులలో ఒకరైన ఎం.ఎస్.ఎస్. పాండియన్ దానితో ఏకీభవింపక తమ భిన్నాభిప్రాయమును వేరుగా వ్రాసిరి.

ఆ దినములలో వెలువడిన వాదములను రెండు పక్షములుగా విభజింపవచ్చును. చిత్రము అవమానకరము గనుక తొలగింపవలెనని ఒక పక్షము. ఇది కేవలము హాస్యము, నెహ్రూ అంబేద్కరులు స్వయముగా చూచి ఊరకుండిన చిత్రము, నవ్వుటయే ఎరుగనివారు గోల చేయుచున్నారని రెండవ పక్షము. ఈ రెండు పక్షములును ఒక విషయమున మాత్రము ఏకాభిప్రాయము కలవి. చిత్రముయొక్క అర్థము చూడగనే తెలియునని, దానికి వేరుగా చదువు అక్కరలేదని ఇరుపక్షములును భావించెను. మొదటివారికి కొరడాయే అర్థము. రెండవవారికి నత్తయే అర్థము. ఒక చిత్రమున రెండును ఉన్నప్పుడు, ఒకరికి ఒకటియు మఱియొకరికి మఱియొకటియు ముందుగా ఏల కనబడెనో విచారించుటయే అసలైన పాఠము. ఆ పాఠము పార్లమెంటులోను జరుగలేదు, పత్రికలలోను అంతగా జరుగలేదు.

ఈ విచారణకు మన శాస్త్రమున ఉపకరణములు లేకపోలేదు. పదునొకండవ శతాబ్దమునకు చెందిన మమ్మటుడు తన కావ్యప్రకాశమున, అర్థమునుండి అర్థాంతరము స్ఫురించుటకు తోడ్పడు విషయములను లెక్కించెను. మాటాడువాడెవడు, వినువాడెవడు, కంఠస్వరమెట్టిది, వాక్యమెట్టిది, వాచ్యార్థమేమి, దాపున నున్న ఇతరుడెవడు, ప్రస్తావమేమి, దేశమేది, కాలమేది యని ఆయన అడుగును. ఇవి మారినచో ఒకే మాటకు వేరు వ్యంగ్యము పుట్టును. సూర్యుడస్తమించెను అను మాట దొంగకు ఒక అర్థమును, గోపాలునికి ఒక అర్థమును, సంధ్యోపాసకునికి ఒక అర్థమును ఇచ్చునని మన పండితులు తరగతులలో చెప్పు ఉదాహరణము ప్రసిద్ధమే. నేటి పత్రికాచిత్రమును ఈ ప్రశ్నలతో చదువుటకు అభ్యంతరమేమియు లేదు.

కాలమునుండి ప్రారంభింతము. 1949 ఆగస్టు నాటికి రాజ్యాంగసభ పని ముగియలేదు. 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమైన సభ, మధ్యలో దేశవిభజనను, శరణార్థుల ప్రవాహమును, గాంధీ మహాత్ముని హత్యను చూచెను. ముసాయిదా సంఘము 1947 ఆగస్టు 29న ఏర్పడెను. జనులలో అసహనము సహజమే. శంకర్ చిత్రము ఆ అసహనమునకు రూపము. అంతవఱకు పాఠ్యపుస్తకము చెప్పినది యథార్థము. అయితే అసహనము న్యాయమా కాదా అను ప్రశ్నకు సమాధానము పాఠ్యపుస్తకముకన్న పూర్వమే, చిత్రము వెలువడిన మూడు నెలలకే, చిత్రములోని నత్తపై కూర్చున్నవాడే ఇచ్చియున్నాడు. 1949 నవంబరు 25న సభలో అంబేద్కరు చేసిన ప్రసంగమది. సభకు పట్టిన కాలము రెండేండ్ల పదునొకండు నెలల పదునేడు దినములని ఆయన లెక్క చెప్పెను. అమెరికాకు నాలుగు నెలలే పట్టినవి. దక్షిణాఫ్రికాకు ఒక సంవత్సరము, కెనడాకు రెండేండ్ల అయిదు నెలలు, ఆస్ట్రేలియాకు తొమ్మిదేండ్లు పట్టినవి. కాని కాలమును మాత్రమే కొలుచుట చాలదని ఆయన వాదము. మన రాజ్యాంగమునకు 395 అధికరణములు; ఆస్ట్రేలియాకు 128, కెనడాకు 147, దక్షిణాఫ్రికాకు 153. మన సభ 2,473 సవరణలను సభాముఖమున విచారింపవలసివచ్చెను. ఈ అంకెలను ప్రక్కన ఉంచి చిత్రమును మరల చూచినచో నత్త వేగము మారదు గాని అది మోయుచున్న భారము కనబడును.

అంబేద్కరు అంతటితో ఆగలేదు. సభాసభ్యుడైన నజీరుద్దీన్ అహ్మద్, ముసాయిదా సంఘమునకు ఆంగ్లమున గల పేరులో ఒక అక్షరమును మార్చి, గాలికి కొట్టుకొనిపోవు సంఘమని అర్థము వచ్చు నట్లు పరిహసించియుండెను. అంబేద్కరు ఆ పరిహాసమును ప్రస్తావించి కోపించుకొనలేదు. దానిని ఖండింపవలెనని సభాధ్యక్షుని కోరనులేదు. దారి తెలియక కొట్టుకొనిపోవుట వేరు, పరిస్థితిపై పట్టు కలిగి సాగుట వేరు అని చెప్పి, తమ సంఘము తెలిసిన నీటిలో తనకు కావలసిన చేపనే వెదకినదని చమత్కరించెను. ఎత్తిపొడుపునకు ఎత్తిపొడుపే ప్రత్యుత్తరమైన సందర్భమిది. రాజ్యాంగసభ చర్చల సంపుటములలో ఇది యథాతథముగా ముద్రితమై యున్నది. శంకర్ చిత్రమును చేర్చిన పుటకు ఎదుటి పుటలో ఈ ప్రసంగఖండమును చేర్చినచో, విద్యార్థికి అధిక్షేపమనునది ఒక తీర్పు కాదనియు, అది సంభాషణలో ఒక మాట యనియు తెలిసియుండును. గ్రంథకర్తలు ఆ అవకాశమును వదలుకొనిరి. ఇది వారి పాఠమున మొదటి లోపము.

ఇక చిత్రము చెప్పనిదేమి? 1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి సభలో ముసాయిదా సంఘము స్థితిని వివరించెను. ఏడుగురు సభ్యులలో ఒకరు రాజీనామా చేసిరి, ఒకరు మరణించిరి, ఒకరు అమెరికాకు వెళ్లిరి, ఒకరు సంస్థాన వ్యవహారములలో చిక్కుకొనిరి, ఒకరిద్దరు ఢిల్లీకి దూరమున ఉండిరి. తుదకు భారమంతయు అంబేద్కరు భుజములపై పడెనని ఆయన చెప్పెను. చిత్రమున నత్తపై ఒకడే కూర్చుండుట దీనిని అప్రయత్నముగా చెప్పుచున్నది. కాని వాహనముపై కూర్చున్నవాడు ప్రయాణికునివలె కనబడుచున్నాడు. నిజమునకు మోయువాడు ఆయనయే. రేఖలలోని ఈ తాఱుమాఱును ఒక పదునారేండ్ల విద్యార్థిచేత కనిపెట్టించుట విమర్శవిద్య యగును.

మమ్మటుడు పేర్కొన్న వానిలో ఈ వివాదమునకు కీలకమైనది అన్యసన్నిధి. ఒకరు ఒకరితో మాటాడుచున్నప్పుడు దాపున మూడవవాడు వినుచుండినచో మాటయొక్క అర్థము మారును. శంకర్ గీసినది ఢిల్లీలో ఆంగ్లము చదువు పాఠకులకొఱకు. వారిలో పెక్కుమందికి కొరడా యనునది జట్కాబండివాని చేతి పరికరము. పని త్వరపెట్టుటకు సంకేతము. ఆ చిత్రమే అరువదేండ్లకు పాఠశాలలోనికి వచ్చినప్పుడు, వినువారిలో మూడవవాడు చేరెను. వాని తాతకు కొరడా సంకేతము కాదు, వీపుమీది వాత. వాని యింట అంబేద్కరు చిత్రపటము రాజకీయ నాయకుని చిత్రముగా గాక, తమకు మనుష్యత్వమును సంపాదించి యిచ్చినవాని రూపముగా గోడకు వ్రేలాడుచుండును. అట్టి ఇంటినుండి వచ్చిన బాలిక తరగతిలో ఈ పుటను తెఱచినప్పుడు ప్రక్కవారి నవ్వు ఆమె చెవికి ఎట్లు వినబడును? ఆమెకు హాస్యదృష్టి లేదని చెప్పుట అన్యాయము. ఆమె చదివినది తప్పుడు అర్థము కాదు. ఆ దేశమున, ఆ సన్నిధిలో చిత్రమునకు పుట్టిన మఱియొక అర్థము.

ఈ అర్థమునకు చారిత్రకాధారము కూడ కలదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన తెలుగువాడు, స్వయముగా వ్యంగ్యచిత్రకారుడు అయిన ఉన్నమతి శ్యామసుందర్, 1932 మొదలు 1956 వఱకు ఆంగ్లపత్రికలలో అంబేద్కరును గూర్చి వచ్చిన చిత్రములను నూటికి పైగా సేకరించి, వ్యాఖ్యానముతో 2019లో ఢిల్లీనుండి నవయాన ప్రచురణగా వెలువరించెను. 2012 నాటి వివాదమే ఆయనను ఈ కృషికి పురికొల్పెను. ఒక్క చిత్రమును చూచినప్పుడు అది కేవలము చిత్రము. నూఱు చిత్రములను వరుసగా చూచినప్పుడు చిత్రకారుల చూపు కనబడును. తోడి నాయకులముందు అంబేద్కరు ఎంత తఱచుగా చిన్నవానిగా, అల్లరివానిగా, అడ్డుపడువానిగా రూపింపబడెనో ఆ సంపుటము చూపుచున్నది. మాటాడువాడెవడు అను మమ్మటుని మొదటి ప్రశ్నకు ఇది సమాధానము. నాటి పత్రికాచిత్రకారులు ప్రభుత్వమును చూచి నవ్వగల స్వతంత్రులే. కాని కులమను మేడపై ఏ అంతస్తునుండి చూచుచు నవ్వుచున్నారో వారికి తెలియలేదు. పాఠ్యపుస్తకము కాలమును గూర్చి ప్రశ్నించినది గాని వక్తను గూర్చి ప్రశ్నింపలేదు. ఇది రెండవ లోపము, మొదటిదానికన్న పెద్దది.

అట్లయినచో తొలగింపు సమంజసమేనా యను ప్రశ్న పుట్టును. కాదని నా అభిప్రాయము. తొలగింపువలన ఆ బాలిక బాధకు పేరు పెట్టు అవకాశము కూడ తొలగిపోయెను. ఆమె బాధ ఎందుచేత సత్యమైనదో తక్కినవారు తెలిసికొనవలసిన ఘడియ తరగతిలో రాకుండ పోయెను. అంతకన్న విపరీతము మఱియొకటి జరిగెను. మే 14 నాటి చర్చలో అవమానితుల వేదనయు, అధికారులయొక్క అభిమానభంగమును ఒకే మూటగా కట్టబడెను. తరతరములుగా పరిహసింపబడినవాడు నొచ్చుకొనుట వేరు. పరిపాలించువాడు తన్ను చూచి జనులు నవ్వుచున్నారని నొచ్చుకొనుట వేరు. మొదటిదానిని ఆలకించుట ధర్మము. రెండవదానిని ఓర్చుకొనుట పదవికి చెల్లింపవలసిన పన్ను. ఈ రెంటిని వేఱుపఱచి చూడగల పౌరుని తయారుచేయుటకే గదా ఆ పాఠములు ఉద్దేశింపబడినవి! మొదటివారి పేర రెండవవారు ఉపశమనము పొందిరి.

ఇట్టి చిక్కు ఒక్క చిత్రముతో ముగియలేదు. ఆ జూన్ నెలలోనే పండ్రెండవ తరగతి పుస్తకమున ముద్రితమైన ఆర్.కె. లక్ష్మణ్ చిత్రముపై తమిళనాడున నిరసన బయలుదేఱెను. 1965 నాటి హిందీవ్యతిరేకోద్యమమును గూర్చిన ఆ చిత్రమున, నిరసన తెలుపు విద్యార్థికి ఆంగ్లమును చదువరాదను ఎత్తిపొడుపు కలదు. కరుణానిధి, వైకో మొదలగు నాయకులు దానిని తొలగింపవలెనని కోరిరి. ఉద్యమమున ప్రాణములు అర్పించినవారి జ్ఞాపకము గల దేశమున ఆ చిత్రము ఒక విధముగా చదువబడును. ఆ జ్ఞాపకము లేని దేశమున వేరొక విధముగా చదువబడును. దేశము మారుటచే వ్యంగ్యము మారుటకు ఇంతకన్న నిదర్శనము ఏల?

తెలుగు పాఠకునకు ఈ విద్య క్రొత్తది కాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళాంధ్రదేవుని నిందించుచునే స్తుతించెను. ఆ నింద నిందగా తీసికొని కవిని నాస్తికుడన్నవాడు మన గ్రామములలో లేడు. గురజాడ కన్యాశుల్కమున గిరీశము వెంకటేశమునకు చదువు చెప్పు తీరును చూచి, అది గురజాడయొక్క విద్యావిధానమని భ్రమించు ప్రేక్షకుడు లేడు. పానుగంటివారి సాక్షి వ్యాసములు సువర్ణలేఖ, ఆంధ్రపత్రికల ద్వారా ఇంటింటికి చేరినప్పుడు, జంఘాలశాస్త్రి గర్జనలు విని నొచ్చుకొన్నవారు ఉండవచ్చును గాని, అతడెవరిని, ఎందులకు గర్జించుచున్నాడో తెలియనివారు తక్కువ. కారణము స్పష్టము. ఆ పాఠకునికి వక్త తెలియును, ప్రస్తావము తెలియును, దేశకాలములు తెలియును. ఊరిలోని మాటను ఊరివాడు వినుచున్నాడు.

ఈ పరిచయము తప్పినప్పుడు ఏమగునో లోకచరిత్ర చెప్పును. 1702లో డేనియల్ డీఫో, తన మతవర్గీయులైన అసమ్మతివాదులను కఠినముగా అణచివేయవలెనని వాదించు కరపత్రమును పేరు లేకుండ ప్రకటించెను. అణచివేత కోరువారి మాటలనే ఉచ్చస్వరమున పలికి వారిని నగుబాటు చేయుట అతని ఉద్దేశము. వారు మొదట దానిని నిజమని మెచ్చుకొనిరి. అతని వర్గమువారు నిజమని భయపడిరి. గుట్టు తెలిసిన తరువాత ప్రభుత్వము అతనిని 1703లో బొండకొయ్యలో నిలిపెను. మూడు శతాబ్దముల తరువాత, మన పాఠ్యపుస్తక వివాదము జరిగిన 2012లోనే, అమెరికాలోని ఆనియన్ అను పరిహాసపత్రిక ఉత్తరకొరియా పాలకుడు కిమ్ జాంగ్ ఉన్‌ను ఆ యేటి మిక్కిలి ఆకర్షణీయుడైన పురుషునిగా ప్రకటించెను. చైనాలోని పీపుల్స్ డైలీ దానిని సత్యవార్తగా స్వీకరించి తన అంతర్జాల సంచికలో పెక్కు ఛాయాచిత్రములతో ప్రచురించెను. నేడు చిత్రములు సంతకము చెఱపబడి, తేది పోయి, పత్రిక పేరు పోయి, సెల్‌ఫోను నుండి సెల్‌ఫోనునకు తరలుచున్నవి. వక్త లేని వాక్యము, కాలము లేని చిత్రము విద్యార్థి చేతికి ప్రతిదినము అందుచున్నది. తరగతిలో నేర్పనంత మాత్రమున అతడు వ్యంగ్యమును చూడక మానడు, నేర్వకయే చూచును.

మఱి తరగతిలో ఎట్లు నేర్పవలెను? చిత్రములను ఇచ్చి ప్రశ్నలడుగు పద్ధతి ఢిల్లీలోని కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి వార్షిక పరీక్షలలోనికి కూడ వచ్చెను. ఇది మేలే, కాని పరీక్షకు వచ్చిన దానికి జవాబు ఒకటే ఉండవలెను. ఈ చిత్రము దేనిని సూచించునని అడిగి, ఫలానా సంఘటనను అని వ్రాసినవానికి మార్కులిచ్చుట వ్యంగ్యమును మరల వాచ్యము చేయుటయే. ఆ ప్రశ్నపత్రములలో దృష్టిలోపము గల విద్యార్థులకు చిత్రమునకు బదులు వేరొక ప్రశ్న ఇచ్చుట వాడుక. నిజమునకు చూపులేని సహాధ్యాయికి చిత్రమును మాటలలో వర్ణించి చెప్పుటకన్న మంచి అభ్యాసము చూపు ఉన్నవానికి లేదు. ఏది పెద్దదిగా ఉన్నది, ఏది చిన్నదిగా ఉన్నది, ఎవరు ఎటు చూచుచున్నారు, ఎవరి చేత ఏమున్నదని తొందరపడక చెప్పవలసివచ్చినప్పుడే, తాను చూడకయే నవ్విన సంగతి అతనికి తెలియును.

వర్ణనానంతరము వక్తను, కాలమును విచారింపవలెను. ఆనాటి వార్తను, వీలయినచో ఆనాటి పత్రికనే, ప్రక్కన ఉంచవలెను. తరువాత చిత్రము ఆరోపించుచున్న దోషమేమో ఒక వాక్యమున వ్రాయించవలెను. ఆ ఆరోపణకు ఆధారములు ఉన్నవా లేవా యని పరిశీలింపజేయవలెను. హాస్యమునకు అతిశయోక్తి సహజము గనుక రేఖ వంకరగా ఉన్నదని తప్పుపట్టరాదు. కాని ఆరోపణయే అసత్యమైనచో దానిని తప్పుపట్టవలెను. అటుపిమ్మట, ఈ చిత్రమును చూచి నవ్వలేనివారెవరు, ఏలయని అడుగవలెను. ఈ ప్రశ్న వేయుటకు ఉపాధ్యాయునికి ధైర్యము కావలెను. తరగతిలో ఒకరినొకరు నమ్మిన విద్యార్థులు కావలెను. నవ్వలేని బాలికను సమాధానము చెప్పుమని నిలబెట్టుట క్రౌర్యము. నవ్వినవారు తమ నవ్వునకు తామే కారణము చెప్పునట్లు చేయుట బోధన. తుదకు, చిత్రమునకు ప్రత్యుత్తరముగా మఱియొక చిత్రమును గీయించవచ్చును, ఒక పేరా వ్రాయించవచ్చును. అంబేద్కరు నజీరుద్దీన్‌కు ఇచ్చిన జవాబు అందులకు మేలుబంతి.

ఇంత శ్రమ ఏల, గణితమునకును విజ్ఞానమునకును కాలము చాలని తరగతులలో దీనికి చోటెక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. వారి కష్టము నిజమైనదే. కాని ఓటు వేయుటకు రెండేండ్ల దూరమున ఉన్న పిల్లలు వారు. వారిని పాలింపగోరువారు వారితో మాటాడునది నిబంధనల భాషలో కాదు. సగము ఎత్తిపొడుపుగా, సగము పొగడ్తగా, చిత్రములలో, ఛలోక్తులలో మాటాడుదురు. తమపై ప్రయోగింపబడు ఆయుధముయొక్క పిడి ఎటు, మొన ఎటు అని ఎరుగనివారు పౌరులుగా బ్రతుకుట దుస్తరము.

2012లో తొలగింపబడిన చిత్రము పాఠ్యపుస్తకమునకు మరలి రాలేదు. దానిని చేర్చిన ఇరువురు విద్వాంసులు, పుస్తకములలో పెక్కు భాగములు తొలగింపబడిన తరువాత, 2023లో తమ పేర్లను కూడ వానినుండి తీసివేయుమని ఆ సంస్థను కోరిరి. ఐనను పాఠము చెప్పుటకు కావలసిన సామగ్రి అంతయు అందుబాటులోనే ఉన్నది. చిత్రము శ్యామసుందర్ సంపుటమున ఉన్నది. దానికి ప్రత్యుత్తరము రాజ్యాంగసభ చర్చల సంపుటములలో ఉన్నది. చదువవలసిన విధానము మమ్మటుని మూడవ ఉల్లాసమున ఉన్నది. ఈ మూటిని ఒకే బల్లపై ఉంచి, ఒక గంటకాలము వెచ్చింపగల ఉపాధ్యాయుడు ఏ ఊరనున్నను, ఆ పాఠము అక్కడ మరల మొదలు కావచ్చును.